మిద్దె ఎక్కి చూడు

యర్రగుంట్ల

చిరంజీవి మేనకోడలికి, మామ ఆశీర్వదించి రాయునది.

బేతంచెర్ల వైపు సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరినావని, పేదల కాలనీలో సగంలో ఆగిన ఇళ్లన్నీ నీ నెత్తిన పడినాయని మీ అమ్మ చెప్పింది. పర్యావరణానికి మేలు చేసే ఇళ్ల మీద ఏదో లావుపాటి పుస్తకం చదువుతున్నావంట. చదువు, మంచిదే. కానీ అప్పట్లో 1.80 లక్షల యూనిట్ విలువతో మంజూరైన, సెంటున్నర జాగాలోని, 340 చదరపు అడుగుల ఇంటికి ఆ పుస్తకంలోని రెండు పొరల అద్దాలు ఎవరు పెట్టగలరు? నువ్వు ప్రతి గుమ్మం ముందు నిలబడి నిన్ను నువ్వు ఒకటే అడుగు. ఈ ఇల్లు పాడైతే, ఇందులో ఉండే ఆడమనిషి సొంతంగానో, ఊర్లోని బేల్దారిని పిలిచో, కొద్ది ఖర్చుతో బాగు చేసుకోగలదా? ఆ ఒక్కటీ కుదిరితే మిగతా మేళ్లు చాలావరకు వాటంతట అవే వస్తాయి.

మన మట్టి మిద్దెలు అట్లాంటివే. దూలాలు, వాటి మీద దంతెలు, పైన కట్టెలో నాపబండలో పరిచి, ఆ మీద మందంగా చౌడు మన్ను. వెలుతురుకు గవాక్షి. చౌట్లో గడ్డి సులభంగా మొలవదు. తడిస్తే మెత్తబడి సందులన్నీ పూడ్చుకుంటుంది. ముంగారు వానలకు ముందు బండెడు చౌడు తోలించి మిద్దె మీద పరచడం ఇంటింటా ఉండే పని. ఎవరూ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. అట్లని వాటినే మళ్లీ కట్టించమని నేను చెప్పను. అన్నన్ని దూలాలకు ఇప్పుడు కట్టె యాడిది? పైగా మట్టిగోడకు నిలవనీళ్లు పడవు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు పట్నంలోకి జొరబడినప్పుడు ఆ సంగతి మళ్లీ అందరికీ తెలిసొచ్చింది. మనం తీసుకోవాల్సింది ఆ మన్ను కాదు, ఏడాదికోసారి మిద్దె ఎక్కే అలవాటు.

సిమెంటు స్లాబు వచ్చినాక ఆ అలవాటు పోయింది. స్లాబుకు పనే ఉండదని జనం నమ్మకం. నీళ్లు పోయే గొట్టానికి వేపాకు అడ్డం పడుతుంది, నీళ్లు నిలుస్తాయి, చెమ్మ కడ్డీ దాకా దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును కిందికి నెడుతుంది. పెచ్చులు ఊడి పడేనాటికి బాగుచేత వాళ్ల చేతులు దాటిపోయి ఉంటుంది. అందుకే తాళాలిచ్చే రోజున ఒక్కొక్కరినీ పైకి ఎక్కించి గొట్టాలు చూపించు. మెట్లు లేవంటారు. కాలనీకంతా కలిపి ఒక నిచ్చెన కొనిపించు, పెద్ద ఖర్చేమీ కాదు.

మన చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే కదా, సిమెంటు వాడకం ఎందుకు తగ్గించాలి అని నీ కాంట్రాక్టరు అడుగుతాడు. సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాలిస్తేనే సిమెంటుకు మూలమైన క్లింకర్ వస్తుంది. బొగ్గు పొగ ఒకటే కాదు, రాయిలో ఉన్న కర్బనం కూడా గాల్లో కలుస్తుంది. మన కడప బండ, బేతంచెర్ల బండ కూడా సున్నపురాయే. కాల్చకుండా కోసి వాడుకుంటే ఆ పొగ చాలావరకు తగ్గుతుంది. నీ ఊరి చుట్టూ గనుల దగ్గర, పాలిష్ యూనిట్ల దగ్గర గుట్టలు పడి ఉన్న ముక్కబండలు చూసే ఉంటావు. పునాదికి, అరుగుకు, అలమర అరలకు, కిటికీ మీద సన్‌షేడుకు అవి చాలు. గోడలకు బూడిద ఇటుక పెట్టించు. ముద్దనూరు పక్కన రాయలసీమ థర్మల్ బూడిద ఎట్లాగూ ఎక్కడో ఒకచోట పోయాల్సిందే. మట్టి ఇటుకకు చేని పైమన్ను తీసి కాల్చే బదులు ఇది నయం. కాకపోతే బాగా తడిపి ఆరబెట్టిన ఇటుకేనా అని చూడు. రెండింటిని ఒకదానితో ఒకటి కొట్టు. పొడి రాలితే లారీని వెనక్కి పంపు, మొహమాట పడొద్దు.

ఎండ సంగతి. మన ఎండాకాలంలో స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా కిందికి వదులుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి మార్చి నెలలో మిద్దెకు రెండు పూతలు వేయించు. దీన్ని పాత ముసలోళ్ల పని అనుకోవద్దు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది, అందులో అసలు సంగతి ఇదే, ఎండను తిప్పికొట్టే పైకప్పు. వానలకు పూత కొట్టుకుపోతుంది, మళ్లీ ఏటా వేయాలి. అదీ మంచిదే, ఆ వంకతో మిద్దె ఎక్కుతారు.

పడమటి గోడకు కిటికీలు తగ్గించు. గోడలు ఇంకా లేవని ఇళ్లలో ఉత్తరం దక్షిణం ఎదురెదురుగా పెట్టించు. పట్నాల్లో పేదలకు ఇళ్లు కట్టే టిడ్కో వాళ్లు 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు కాంక్రీటు గోడలతోనే పోసినారు. తొందరగా లేస్తాయి, నిజమే. కానీ ఆ గోడలోనే బలమంతా ఉంటుంది కాబట్టి, తర్వాత ఒక కిటికీ తెరుద్దామన్నా కుదరదు. నీ ఇటుక గోడకు ఇంకా ఆ వీలుంది.

చెట్టు నాటమంటావని తెలుసు. ఎర్రనేలైతే పడమర వేపో కానుగో నాటించు. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో మాత్రం ఇంటికి ఆనించి పెద్ద చెట్టు వద్దు. ఆ నేల తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. వేరు నీళ్లు లాగిన పక్క పునాది కుంగి గోడ చీలుతుంది. చెట్లు వీధి చివర గుంపుగా పెట్టించు. ఇంటి చుట్టూ బండ పరిచి, నీళ్లు బయటికి వాలేటట్టు వాలు ఇప్పించు.

నీళ్ల లెక్క ఒకటి చెప్తా. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వానే అనుకున్నా, 340 చదరపు అడుగుల మిద్దె మీద దాదాపు 19 వేల లీటర్లు పడతాయి. అన్నీ దాచలేం. ఒక చిన్న సంపు, పొర్లే నీళ్లకు నాలుగిళ్లకు కలిపి ఒక ఇంకుడుగుంత సరిపోతాయి. మొదటి వాన నీళ్లు మాత్రం బయటికి వదలమను, పక్షుల రెట్టంతా అందులోనే ఉంటుంది. సున్నం పూసిన మిద్దె నీళ్లు కడగడానికి, చెట్లకు వాడుకోమను, తాగడానికి వద్దు.

స్లాబు మే నెలలో పోయనీయొద్దు. నీళ్లు దొరకని కాలంలో క్యూరింగ్ అంటే సాయంత్రం నాలుగు బిందెలు చల్లి ఫొటో తీసుకోవడమే. పీపీసీ సిమెంటుకు మన పొడి ఎండలో 14 రోజులు తడి ఉండాలి. కార్తీకంలో పోస్తే సగం నీళ్లతో ఆ పని జరుగుతుంది. బిల్లు తొందర అంటారు. గోనెసంచులు పరిచి తడిపిన వాళ్లకే సంతకం పెడతానని ముందే చెప్పు, మాట పడినా పట్టించుకోవద్దు.

ఈ నెల ఏయే ఇంటికి స్లాబు పడుతుందో రాసి పంపు. కడ్డీ కింద పెట్టే బిళ్లలకు బదులు బండ ముక్కలు సర్దేస్తున్నారని విన్నాను, వాటి మందం అన్నింటికీ ఒకటే ఉండదు. సిమెంటు బిళ్లలు 20 మిల్లీమీటర్ల మందంతో వారం ముందే పోయించి నీళ్లలో వేయమను. కాంక్రీటు పోసే ముందురోజు సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి, తొలి బస్సుకు వస్తాను.

ఇట్లు,
మీ మామ