మందుకు తోడు మనిషి

వ్యాధి ఒక్కరికి వచ్చినా దాని భారాన్ని ఇంటిల్లిపాదీ మోయవలసి వస్తుంది. క్యాన్సర్ విషయంలో ఈ మాట మరింత నిజం.

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం మన్యానికి ముఖద్వారం. ఆ ప్రాంతపు పల్లెలో కూలిపని చేసుకొనే ఒక స్త్రీకి నోటి క్యాన్సర్ వచ్చిందనుకుందాం. చుట్టను నిప్పు నోటిలోపల ఉండేటట్లు కాల్చే 'అడ్డపొగ' అలవాటు ఉత్తరాంధ్ర స్త్రీలలో తరతరాలుగా ఉన్నది. అది అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని 1945లోనే వైద్యులు వెల్లడించారు. చికిత్సకు ఆమె విశాఖపట్నం చేరువన అగనంపూడిలో టాటా స్మారక కేంద్రం నడిపే హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళాలి. రేడియేషన్ చికిత్స సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. రోజూ పోయిరావడానికి ఒంట్లో ఓపిక ఉండదు. అక్కడే ఉందామంటే కూలి పోతుంది, పిల్లలను చూసే దిక్కుండదు. చాలామంది చికిత్స మానుకొనేది ఇక్కడనే. నడుమ మానితే అంతవరకు పడిన శ్రమకు తగిన ఫలితం దక్కదు.

వైద్య సామాజిక కార్యకర్త పని ఇక్కడ మొదలవుతుంది. సంపాదించేదెవరు, వెంట ఉండేదెవరు, రేషన్ కార్డు ఉన్నదా అని ఓపికగా అడిగి తెలుసుకొంటారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా సాగుతున్న పథకానికి కావలసిన కాగితాలు సిద్ధం చేయిస్తారు. బసకు, భోజనానికి దారి చూపుతారు. వైద్యుడు చెప్పినదాన్ని రోగికి తెలిసే మాటల్లో మళ్ళీ చెబుతారు. ఇది అంటువ్యాధి కాదని, ఆమె కంచం వేరు చేయనక్కరలేదని ఇంటివారికి నచ్చజెబుతారు. రావలసిన రోజున రాకపోతే కారణం విచారిస్తారు.

మనదేశంలో 1946లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో తొలి వైద్య సామాజిక కార్యకర్త నియమితులయ్యారు. ఇంగ్లండులో ఇదే వృత్తి చేసి, పిమ్మట వైద్యురాలైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. రోగి బాధలో ఒంటి నొప్పితోపాటు మనోవేదన, సంసారచింత కూడా కలిసి ఉంటాయని ఆమె బోధించారు. అందుచేత వ్యాధి నయంకాని దశలోనూ ఈ తోడు ఆగదు. నొప్పి తగ్గించే వైద్యం అందేటట్లు చూడడం, రోగి కన్నుమూసిన తరువాత కుటుంబాన్ని పలకరించడం కూడా ఆ వృత్తిధర్మంలో భాగమే.

ఎంత గొప్ప వైద్యమైనా రోగి చివరిదాకా ఆసుపత్రికి రాగలిగినప్పుడే ఫలిస్తుంది. ఆ రాకకు దారి వేసేవారే సామాజిక కార్యకర్తలు.

ప్రశ్నలు
1. రోగులు చికిత్సను నడుమ మానుకోవడానికి కారణాలేవి?
2. వైద్య సామాజిక కార్యకర్త చేసే పనులను వివరించండి.
3. సిసిలీ సాండర్స్ బోధించిన విషయమేమి?