ఉంగరాల జుట్టు

క్రీస్తు శకం 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి నేటి పల్నాడు జిల్లాలోని నాగార్జునకొండ లోయలో వర్ధిల్లింది. అక్కడి బుద్ధ విగ్రహాల శిరస్సును పరికించిన వారికి నత్తగుల్లల వలె చుట్టుకొన్న చిన్న చిన్న కురులు కనిపిస్తాయి. కుడివైపునకు తిరిగిన రోమాలను బౌద్ధ సంప్రదాయం మహాపురుష లక్షణాలలో చేర్చింది. మన కావ్యాలలోనూ ‘కుటిలకుంతల’ అన్న మాట ప్రశంసయే. అటువంటి జుట్టుతో పుట్టిన బాలికను నేడు బడిలో తోటివారు ‘పిచ్చుకగూడు’ అని వెక్కిరిస్తారు. ఇంటిలో పెద్దలు దువ్వలేక విసుగుకొంటారు. లోపం ఆ జుట్టులో లేదు. సాపు జుట్టుకు చేసే సంరక్షణనే దానికీ చేయడంలో ఉన్నది.

చర్మంలో వెంట్రుక పుట్టే చిన్న గుంటను కేశకూపం అంటారు. అది నిటారుగా ఉంటే వెంట్రుక నిటారుగానూ, వంగి ఉంటే వంకులు తిరిగీ వస్తుంది. ఈ ఆకృతి తల్లిదండ్రుల నుండి సంక్రమించేది. కోటప్పకొండపై పిల్లల తలనీలాలు సమర్పించడం భక్తికి సంబంధించిన విషయం. దాని జోలికి పోనక్కరలేదు. జుట్టు సాపు అవుతుందన్న ఆశతో ఏటేటా గుండు చేయించడం మాత్రం వ్యర్థం. కత్తి చర్మం పైనున్న దానినే కోస్తుంది గాని అడుగునున్న కూపాన్ని తాకదు. ఎదిగే వయస్సులో కొందరి జుట్టు తనంతట తానే మారుతుంది. ఆ ఘనత గుండుకు దక్కుతుంది!

తలపై సహజంగా ఊరే జిడ్డు నిటారు వెంట్రుక మీదుగా చివరి దాకా సులభంగా పాకుతుంది. మెలికల మీద అది నెమ్మదిగా సాగుతుంది. అందుచేత మొదళ్ళు జిడ్డుగా ఉన్నప్పటికీ చివరలు ఎండి, చిట్లి, ఒకదానినొకటి పెనవేసుకొంటాయి.

పల్నాడులో దీనికి నీటి బాధ కూడా తోడవుతుంది. ఇక్కడి నేల అడుగున సున్నపురాయి పొరలున్నాయి. నాగార్జునకొండ శిల్పులు మలచినది ఆ రాతినే. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలో కాలేదీ, మాచర్ల సిమెంటుకు ముడిసరుకైనదీ అదే. ఆ పొరలలో ఊరిన బోరు నీటిలో కాల్షియం లవణాలు కరిగి ఉంటాయి. ఆ నీటితో సబ్బు రుద్దితే నురుగుకు బదులు తెల్లని తెట్టు ఏర్పడి వెంట్రుకలకు అంటుకొంటుంది. జుట్టు పీచులా తోచడానికి ఇది ఒక ముఖ్య కారణం. కుంకుడు రసం సబ్బు కాదు గనుక అటువంటి తెట్టు కట్టదు. సౌమ్యమైన షాంపూ అయినా ఫరవాలేదు. బోరు నీరే గతియైన ఇండ్లలో నీటిని కాచి, చల్లార్చి, పైతేటను వంచుకొంటే కాఠిన్యం కొంత తగ్గుతుంది. వాననీరు దొరికిన నాడు చివరి చెంబు దానితోనే పోయడం మేలు.

వారానికి ఒకటి రెండు సార్లు తలస్నానం చాలును. స్నానానికి గంట ముందు కొబ్బరినూనెనో నువ్వులనూనెనో అరచేత వేసుకొని, ముఖ్యంగా చివరలకు పట్టించాలి. తరువాత జుట్టును నాలుగు పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయను వ్రేళ్ళతో సడలించాలి. కుంకుడు రసం కండ్లలో పడితే మంట భరింపరానిది. బిడ్డ తలను వెనుకకు వాల్చి పోస్తే సగం ఏడుపు తప్పుతుంది. రసంతో మాడును రుద్దితే చాలును. పొడవునా నులమవలసిన పని లేదు. స్నానానంతరం తువ్వాలుతో రుద్దక, మెత్తని పాత నూలు వస్త్రంతో అద్ది తడిని పీల్చాలి.

దువ్వడం అన్నింటికన్న ముఖ్యం. పొడి జుట్టును దువ్వరాదు. తడి ఇంకా ఆరక ముందే, కాస్త నూనె రాసి, వెడల్పు పళ్ళ దువ్వెనతో చివరల నుండి మొదలుపెట్టి క్రమంగా పైకి రావాలి. చిక్కుకు పైభాగాన పాయను పిడికిట పట్టుకొంటే లాగుడు మాడుకు తగలదు. మనలో చాలమంది నడినెత్తిన దువ్వెన దించి ఒక్కసారిగా క్రిందికి లాగుతారు. ముడి బిగుసుకొంటుంది, వెంట్రుక తెగుతుంది, బిడ్డ పారిపోతుంది. మిగిలిన రోజులలో నీటిచేతితో నిమిరి సర్దితే సరిపోతుంది.

బడి జడలు బిగుతుగా ఉంటేనే పద్ధతి అనుకోవడం వలన కొందరు బాలికలకు నుదుటి అంచున, కణతల వద్ద జుట్టు పలచబడుతుంది. ఆ లాగుడు ఏండ్ల తరబడి సాగితే అక్కడ జుట్టు మరల రాకపోవచ్చు. జడ వేసిన పిమ్మట బిడ్డ కనుబొమలు పైకి లేచినట్లు కనబడితే వెంటనే వదులు చేయాలి. రెంటచింతల ఎండలలో చెమట పట్టిన మాడును సాయంకాలం ఉత్తనీటితో కడిగితే చాలు. దినదినం షాంపూ అక్కరలేదు. మగపిల్లల జుట్టు పొట్టిదే అయినా ఇదే వరుస వర్తిస్తుంది.

పదేండ్లు దాటిన పిల్లకు చివరల చిక్కు తానే తీసుకోవడం నేర్పవచ్చును. వెనుక పాపిట మాత్రం ఇంకొన్నాళ్ళు తల్లి చేతి పనే.