అల్లుడి ముందు చెప్పలేని ఆపరేషన్

అక్కచెల్లెళ్లూ, ఈసారి ముచ్చట తలుపు కాస్త దగ్గరగా వేసుకుని చెప్పుకోవాల్సింది. మగవాళ్లు విన్నా నష్టమేం లేదు, వింటే మంచిదే.

రొమ్ము ఇంప్లాంట్ల సంగతి. "సినిమావాళ్ల గొడవ మనకెందుకే" అనకండి. క్యాన్సర్‌కి రొమ్ము తీసేసిన చోట సిలికాన్ పెట్టించుకున్నవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. మా మేనత్త కూతురు, నేను వదినా అని పిలిచే మనిషి, హైదరాబాద్‌లో చేయించుకుంది. క్యాన్సర్ తగ్గింది, చెకప్‌లన్నీ బాగానే వచ్చాయి. కొన్నేళ్లు పోయాక వేరే బాధ మొదలైంది. పొద్దున్న లేస్తే వేళ్లు ముడుచుకోవు. తడి టవలు పిండలేదు. పోపుల డబ్బా మూత తీసి, ఎందుకు తీశానా అని స్టవ్ ముందు అలా నిలబడిపోయేది. దువ్వెన నిండా జుట్టు. వీధి చివరిదాకా నడిస్తే చాలు, కూలబడేంత నీరసం.

తిరగని క్లినిక్ లేదు. ఒకరు విటమిన్ డి తక్కువన్నారు, ఒకరు మెనోపాజ్ అన్నారు, ఇంకొకరు "ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని బి కాంప్లెక్స్ రాశారు. ఒకసారి నేనూ తోడు వెళ్లాను. "ఇంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా?" అని డాక్టరుగారు అడిగారు. పక్కన అల్లుడు కూర్చున్నాడు. వదిన పైట సర్దుకుని, "క్యాన్సర్‌కి ఒకటయిందండీ" అని ఊరుకుంది. లోపల ఇంప్లాంట్ ఉందన్న సంగతి ఆ లావుపాటి ఫైల్లో ఏ కాగితం మీదా లేదు. బయటికొచ్చాక అడిగితే, "అతని ముందు ఎలా చెప్పమంటావే?" అంది. నిజమే, ఎలా చెబుతుంది? అల్లుణ్ణి కాసేపు బయట కూర్చోమనే బాధ్యత డాక్టరుదీ, తోడెళ్లిన నాలాంటివాళ్లదీ.

పోనీ చెప్పేస్తే జవాబు చేతిలో పెడతారా అంటే, అదీ లేదు. ఈ బాధలన్నిటినీ కలిపి ఆడవాళ్లు 'బ్రెస్ట్ ఇంప్లాంట్ ఇల్‌నెస్' అంటున్నారు. అది ఇంకా డాక్టర్లంతా ఒప్పుకుని నిర్ధారించే జబ్బు కాదు. ఫలానా రక్తపరీక్షలో తేలుతుందని చెప్పడానికీ లేదు.

దీని వెనక కథ పెద్దదే. మొట్టమొదటి సిలికాన్ ఇంప్లాంట్లు 1962లో అమెరికాలో, హ్యూస్టన్ నగరంలో, టిమ్మీ జీన్ లిండ్సీ అనే ఆవిడకి పెట్టారు. ఆవిడ ఆస్పత్రికెళ్లింది ఎదమీది పచ్చబొట్టు తీయించుకోవడానికి! డాక్టర్లు ఇది పెడతామంటే, నా చెవులు కూడా సరిచేస్తారా అని అడిగి ఒప్పుకుందట. ఆ తర్వాత ఎంతోమంది పెట్టించుకున్నారు. భద్రత సంగతి తేలాలంటూ అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సిలికాన్ జెల్ ఇంప్లాంట్లని మామూలు వాడకంలోంచి ఆపింది 1992లో. అంటే ముప్ఫై ఏళ్లకి. 1999లో నిపుణుల కమిటీ ఒకటి, ఇవి ఒళ్లంతా పాకే జబ్బులు తెస్తాయనడానికి ఆధారం దొరకలేదంది. 2006లో మళ్లీ అనుమతిచ్చారు. 'ఆధారం దొరకలేదు' అన్నది డాక్టరు గదిలోకి వచ్చేసరికి 'నీకేమీ లేదు' అయి కూర్చుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

2019లో ఎఫ్‌డీఏ విచారణకి ఆడవాళ్లు స్వయంగా వెళ్లి, నీరసం, మతిమరుపు, కీళ్లనొప్పులు, దద్దుర్లు అన్నీ ఏకరువు పెట్టారు. 2021 అక్టోబరులో ఎఫ్‌డీఏ పెద్ద హెచ్చరిక పెట్టించింది: ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావు, కొందరు ఇలాంటి లక్షణాలు చెబుతున్నారు, ఆపరేషన్‌కి ముందే ఈ సంగతులన్నీ పేషెంటుకి వివరించి సంతకం తీసుకోవాలి అని. కారణం రుజువైందని మాత్రం అనలేదు.

మరి మనం చేయగలిగిందేమిటి? ముందు మిగతా కారణాలు చూడాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగరు, కీళ్లవాతం పరీక్షలు. ఇంప్లాంటే కారణమని ముందే ఖాయం చేసుకుంటే, మందుతో తగ్గే జబ్బు మరుగున పడిపోతుంది. వదినకి థైరాయిడ్ బాగా తేడాగా వచ్చింది. మాత్రలు మొదలెట్టాక జుట్టు రాలడం తగ్గింది, తల కాస్త తేటపడింది. వేళ్ల బిగుతు మాత్రం పోలేదు.

ఒక్కటి మాత్రం వాయిదా వేయొద్దు. ఆపరేషనయిన కొన్నేళ్ల తర్వాత ఒకవైపు రొమ్ము ఉన్నట్టుండి వాచినా, లోపల నీరు చేరినా, గడ్డ తగిలినా వెంటనే వెళ్లాలి. ఇంప్లాంట్ చుట్టూ వచ్చే లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ ఒకటుంది. ఎక్కువగా గరుకు ఉపరితలం ఉన్నవాటితో వస్తుంది. ఆ నీటిని సూదితో తీసి పరీక్షిస్తే తెలుస్తుంది. దీనివల్లే 2019 జులైలో అలర్గాన్ కంపెనీ బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అవే ఉన్నా, ఏ బాధా లేనివాళ్లు పరుగెత్తుకెళ్లి తీయించుకోనక్కర్లేదని కూడా చెప్పారు.

మీకు ఏ రకం పెట్టారో తెలుసా? ఆపరేషనప్పుడు కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉన్న కార్డు ఇస్తారు. వదిన కార్డు చీరల బీరువాలో, పట్టుచీరల బిల్లుల మధ్య దొరికింది. దొరక్కపోతే ఆస్పత్రి రికార్డు సెక్షన్లో ఆపరేషన్ నోట్స్ అడగండి. పెట్టెమీది స్టిక్కరు చాలాసార్లు అందులో అతికించి ఉంటుంది. సిలికాన్ జెల్ అయితే లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు. అందుకే పెట్టించుకున్న అయిదారేళ్లకి మొదటిసారి, ఆపైన రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండో ఎమ్మారయ్యో చేయించుకోమంటుంది ఎఫ్‌డీఏ.

ఇక తీయించుకోవడం. తీసేశాక తేలికపడ్డామన్నవాళ్లు చాలామంది ఉన్నారు, తేడా లేదన్నవాళ్లూ ఉన్నారు. ఎవరికి తగ్గుతుందో ముందుగా చెప్పలేరు. చుట్టూ పెరిగిన పొరతో సహా ముద్దగా తీస్తేనే తగ్గుతుందని, దాన్నే పెద్ద ప్యాకేజీగా అమ్మేవాళ్లున్నారు. ఇందాక చెప్పిన లింఫోమా అయితే అలా తీయడం అవసరమే. ఈ లక్షణాలకి మాత్రం పొర ఎంత తీశారన్నదాన్ని బట్టి ఫలితం మారలేదని అమెరికాలో చేసిన పరిశీలనలో తేలింది. ఎక్కువ కోస్తే ఎక్కువ గాయం. సిలికాన్ విషం కడిగేస్తామంటూ డీటాక్స్ పొడులు అమ్మేవాళ్లని గుమ్మం ఎక్కనివ్వకండి.

మొన్న ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వదిన కార్డు, రిపోర్టులు, ఎప్పుడేం మొదలైందో రాసుకున్న నోటు పుస్తకం పట్టుకెళ్లింది. గదిలో మేమిద్దరమే. "తీస్తే నొప్పులు తగ్గుతాయని మాటివ్వలేనమ్మా" అన్నారావిడ. ఇన్నాళ్లలో తను నమ్మిన మొదటి డాక్టరు ఈవిడేనట. సంక్రాంతి వెళ్లాక తీయించుకుంటానంది. మళ్లీ కొత్తవి పెట్టించుకుంటావా అని అడిగాను. "వద్దే, జాకెట్లు కుట్టే సుజాతకి చెబితే లోపల మెత్త పెట్టి కుడుతుంది" అంది.