నేల దగ్గరి గాలిలో విద్యుత్తు: రేడాన్, పొగ

మబ్బులేని రోజున కూడా గాలిలో విద్యుత్ క్షేత్రం ఉంటుంది; నేల దగ్గర మీటరుకు సుమారు 100 వోల్టులు. ఈ క్షేత్రం గాలిలోని అయాన్లను బట్టి మారుతుంది. గాలిని అయనీకరించే కాస్మిక్ కిరణాలను 1912లో విక్టర్ హెస్ కనుగొన్నాడు (1936లో నోబెల్). అయితే నేలకు దగ్గరగా ప్రధాన పాత్ర మట్టిలోని రేడియోధార్మికతదే. రేడియం నుంచి పుట్టే రేడాన్-222 (అర్ధాయువు 3.8 రోజులు) మట్టి సందుల్లోంచి బయటికొచ్చి, గాలి కదలని తెల్లవారుజామున నేలమీదే పేరుకుంటుంది. అయాన్లు పెరిగి వాహకత పెరుగుతుంది, క్షేత్రం తగ్గుతుంది.

కాలుష్యం ప్రభావం ఇందుకు విరుద్ధం. చిన్న అయాన్లు పొగ, ధూళి కణాలకు అతుక్కుని మందగిస్తాయి. వాహకత పడిపోయి క్షేత్రం పెరుగుతుంది. తికమకపడేది ఇక్కడే, జాగ్రత్త.

2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్ర ప్రమాదం తర్వాత, అక్కడికి సుమారు 150 కి.మీ. దూరంలోని కకియోకా అబ్జర్వేటరీలో క్షేత్రం ఒక్కసారిగా పడిపోయింది. నేలపై పడిన రేడియోధార్మిక పదార్థాలు గాలిని అయనీకరించడమే కారణం. ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోండి.