ఇంటియొద్ద స్టీరింగు చక్రమును, మీటర్లను మార్చుట

మోటారు కారు నడుపువాని చేతి కెదురుగా స్టీరింగు చక్రమును, కంటి కెదురుగా మీటర్ల పలకయు నుండును. వాడు బండికి చెప్పదలచినది చక్రము మూలమునను, బండి వానికి చెప్పవలసినది మీటర్ల మూలమునను తెలియును. తక్కువ వెలగల కారును గాని, పాతకారును గాని కొని, దానికి హెచ్చు వెలగల మోడలు చక్రమును, మీటర్లను తెచ్చి తామే బిగించుకొనవలెనని కోరువారు మన నవాబుపేట, వికారాబాదు, తాండూరు ప్రాంతములందును కలరు. హైదరాబాదున పుత్లీబౌలీయు, సికిందరాబాదున రాణీగంజును మోటారు సామానుల అంగళ్లకు పేరుపొందిన చోటులు. అచటికి పోయినవానికి క్రొత్తవియు, విరిగిన బండ్లనుండి ఊడదీసినవియు గూడ దొరకును. చూచుటకు పని మిక్కిలి సులభము. నడుమ నొక నట్టు, కొన్ని మరమేకులు, రెండుమూడు తీగల కొనలు, అంతియే. కాని ఆ నట్టుపై మూతలో నేమి దాగియున్నదో, ఆ మీటరు లోపల నేమి వ్రాయబడియున్నదో ఎఱుగక పానా పట్టరాదు. దానినిగూర్చియే యిచట వ్రాయుచున్నాము.

తొలినాటి మోటారు బండ్లకు చక్రమే లేదు. పడవ చుక్కానికివలె ఒక పిడి యుండెడిది. 1894వ సంవత్సరమున పారిస్ నుండి రువాన్ వఱకు జరిగిన బండ్ల పందెములో వాషెరోన్ అను ఫ్రెంచి పెద్దమనిషి తన పానార్ బండికి చక్రము నమర్చికొని వచ్చెను. అటుపిమ్మట కొలదికాలములోనే పిడి మూలబడెను. మన సీమలో 1932వ సంవత్సరమున నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను ప్రారంభించిరి. ఆ బస్సుల డ్రైవర్లకు నేటి కార్లలో వలె మోటారు సాయము లేదు. కేవలము భుజబలముతోనే చక్రమును త్రిప్పవలసివచ్చెడిది. బరువు బండ్ల చక్రములు అంత పెద్దవిగా నుండుటకు కారణ మిదియే.

పదార్థ విజ్ఞానము చదువు విద్యార్థు లీ విషయమును లెక్కవేసి చూడవచ్చును. ఇరుసును త్రిప్పు శక్తి, చేతి బలమును చక్రపు వ్యాసార్ధముచే గుణించినంత యుండును. 38 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రమును తీసి 34 సెంటీమీటర్ల చక్రమును పెట్టినయెడల, అదే పనికి చేతి బలము 38ని 34చే భాగించినంత, అనగా నూటికి సుమారు 12 వంతులు హెచ్చుగా కావలెను. పవర్ స్టీరింగు లేని పాత మారుతి 800 వంటి బండిలో ఈ 12 వంతులు అనంతగిరి కొండ మలుపులయందు భుజములకు బాగుగనే తెలియును. ఇంకొక చిక్కు గలదు. చిన్న చక్రముయొక్క పై యంచు తఱచుగా సరిగా వేగపు ముల్లున కడ్డుగా వచ్చును. కావున వెల చెల్లింపకముందే కూర్చుండు చోట కూర్చుండి, క్రొత్త చక్రమును పాతదానికెదురుగా పట్టి, మీటర్లన్నియు కనబడుచున్నవో లేవో చూచుకొనవలెను. పందెపు బండ్ల చక్రములను చూచి ముచ్చటపడువారు ఈ చిన్న పరీక్ష చేయరు.

ఇక చక్రమును విప్పు విధము. ముందు చక్రములు రెండును తిన్నగా నుండునట్లు బండిని నిలిపి, బ్యాటరీయొక్క ఋణపు తీగను తీసివేయవలెను. నడిమి నట్టు కనబడిన వెంటనే ఇరుసుమీదను, చక్రముమీదను కలియునట్లు రంగుతో నొక గీత గీయవలెను. ఇరుసుకు సన్నని పండ్లుండుటచేత ఒక్క పన్ను తప్పినను చక్రము వంకరగా కూర్చుండును. నట్టును పూర్తిగా తీయక, రెండుమూడు మరలు పట్టియుండగనే చక్రమును లాగవలెను. పూర్తిగా తీసి లాగినచో బిగుసుకొనియున్న చక్రము ఒక్కసారిగా ఊడివచ్చి ముఖమునకు తగులును. ఊడకున్నచో సుత్తితో కొట్టరాదు, లాగుడు పనిముట్టునే వాడవలెను. అమెరికాలో జనరల్ మోటార్సు వారు 1967లో తమ కార్లకు ప్రవేశపెట్టిన నాటినుండి, ఢీకొన్నపుడు లోనికి ముడుచుకొను స్టీరింగు కంబము వాడుకలోనికి వచ్చెను. నడుపువాని రొమ్మును కాపాడుటకు చేయబడిన యా కంబమును సుత్తిదెబ్బ చెఱపగలదు. తిరిగి బిగించునపుడు ఆ మోడలు పుస్తకములో చెప్పబడినంత బలముతోనే బిగింపవలెను.

ఇంతవఱకు చెప్పినది ఎయిర్ బ్యాగు లేని బండ్లకు. 2019 జూలై 1వ తేది మొదలు మన దేశములో క్రొత్త కార్లన్నిటికిని నడుపువాని ఎయిర్ బ్యాగు తప్పనిసరి యయ్యెను. అంతకుముందువైనను హెచ్చు వెల మోడళ్లు పెక్కింటి కది కలదు. చక్రము నడిమి మూతలో మడిచి పెట్టబడిన యీ గుడ్డ సంచి, బండి బలముగా ఢీకొన్నపుడు విద్యుత్తుచే రగిలిన మందునుండి పుట్టు వాయువుతో, సెకండులో ఇరువదవ వంతు కాలములోపల నిండిపోవును. కన్నుమూసి తెఱచుటకు పట్టు కాలముకంటె నిది తక్కువ. అది ప్రాణమును కాపాడు వస్తువే గాని, విప్పువాని చేతిలో ప్రేలినయెడల చిన్న తుపాకిమందు పొట్లమువంటిది. బ్యాటరీ తీసినపిమ్మటను కొంత విద్యుత్తు లోపల నిలిచియుండును గనుక పది నిమిషములైనను ఆగవలెను. సాధారణముగా పసుపుపచ్చగా నుండు దాని తీగల కొనలకు విద్యుత్ పరీక్షాయంత్రమును తాకింపరాదు. సంచియున్న భాగమును మోయునపుడు మూత తన శరీరమునకు అవతలి వైపుగాను, బల్లపై పెట్టునపుడు మూత పైకిని ఉండవలెను.

ఆ మూత వెనుక క్లాక్ స్ప్రింగు అను చుట్ట యొకటి కలదు. గడియారపు కమానువలె చుట్టబడిన పట్టీ తీగ అది. చక్రము అటునిటు తిరుగుచుండగా హారనునకును, ఎయిర్ బ్యాగునకును విద్యుత్తు నందించును. దీనిని సరిగా నడిమికి త్రిప్పి పెట్టనిచో, బండి మొదటిసారి పూర్తిగా మలుపు తిరిగినప్పుడే పట్టీ తెగును. తక్కువ వెల మోడలు చుట్టలో పాటల మీటలకు కావలసిన తీగలు తఱచుగా నుండవు. కావున మీటల చక్రము కొన్నవాడు తగిన చుట్టను గూడ కొనవలసియుండును.

విరిగిన బండినుండి వచ్చిన ఎయిర్ బ్యాగును కొనుట మాకు సమ్మతము గాదు. జపాను దేశపు తకాటా సంస్థవారి సంచులలోని మందు, వేడిమికిని తేమకును గుఱియై చెడి, ప్రేలినపుడు ఇనుప తునుకలను చిమ్మినందున లోకమంతట కోట్ల కొలది బండ్లను వెనుకకు పిలువవలసివచ్చెను. ఆ సంస్థ 2017లో దివాలా తీసెను. అంగడిలో దుమ్ముపట్టియున్న సంచి ఏ జాతిదో, ఎన్ని వేసవులు చూచినదో చెప్పగలవా డెవడు? ఇంతకంటె పాడు పని మఱియొకటి కలదు. ఎయిర్ బ్యాగున్న చక్రమును తీసి అందమునకై వట్టి చక్రమును బిగించి, మీటర్ల పలకలో వెలుగు హెచ్చరిక దీపమును మోసపుచ్చుటకు ఒక చిన్న నిరోధకమును అతికించుచున్నారు. దీపము ఆరును, సంచి యుండదు. ఆ బండిని తరువాత కొన్న గృహస్థుడు, తన బిడ్డలతో కూర్చున్నవాడు, ఆ సంగతి ఢీకొన్ననాడు గాని యెఱుగడు.

మీటర్ల సంగతి వేఱు. 1902లో ఓటో షుల్జె అను జర్మను ఇంజనీరు కనుగొన్న వేగమాపకము మొన్న మొన్నటివఱకు మన కార్లలో నుండెను. గేరుపెట్టెనుండి వచ్చు తీగ ఒక అయస్కాంతమును త్రిప్పును. దానిని తాకకుండ చుట్టునున్న అల్యూమినియపు గిన్నెలో సుడి విద్యుత్తులు పుట్టి గిన్నెను తమ వెంట లాగును. వెండ్రుకవంటి కమాను దానిని వెనుకకు పట్టును. ఈ రెంటి పెనుగులాటలో ముల్లు నిలిచిన చోటే వేగము. క్రొత్త బండ్లలో నీ తీగ లేదు. చక్రములనుండి వచ్చు విద్యుత్ సంకేతములను లెక్కించి పలకయే చూపును. బండి ఎన్ని కిలోమీటర్లు నడచినదో ఆ మొత్తము గూడ పెక్కు బండ్లలో ఆ పలకలోనే దాచబడియుండును. కావున అన్యుని బండి పలకను తెచ్చి పెట్టినచో, అన్యుని బండి నడిచిన దూరము మన బండిమీద కనబడును. 90,000 కిలోమీటర్లు తిరిగిన బండి ఒక్క సాయంకాలములో 30,000 తిరిగినదగును! బ్రేకులు, బెల్టులు మార్చవలసిన కాలము తప్పును. అమ్మునాడు అబద్ధ మాడినట్లగును. పలకను విప్పకముందే పాత అంకెను సర్వీసు పుస్తకములో తేదితో వ్రాసికొని, తగిన వర్కుషాపులో క్రొత్త పలకకు ఆ యంకెనే ఎక్కింపించుట ధర్మము. కొన్ని బండ్లలో దొంగతాళపు రహస్యాంకెయు పలకలోనే యుండుటచే, పలక మార్చిన వెంటనే ఇంజను కదలకుండుటయు కలదు.

అంతయు బిగించినపిదప తాళము త్రిప్పగా ఎయిర్ బ్యాగు దీపము కొన్ని సెకండ్లు వెలిగి ఆరవలెను. అసలు వెలుగకున్నను, ఆరకున్నను దోషమే. పిమ్మట వేగమును పరీక్షింపవలెను. జనసంచారము లేని వేళ, కిలోమీటరు రాళ్లు సరిగానున్న తిన్నని బాటలో, ఒకరు మీటరుపై 60 చూపునట్లు నిలుకడగా నడుపుచుండగా, ప్రక్క కూర్చున్నవారు గడియారము చూచి రాతినుండి రాతికి పట్టిన సెకండ్లను లెక్కింపవలెను. 3,600ను ఆ సెకండ్లచే భాగించినచో నిజమైన వేగము వచ్చును. 60 సెకండ్లు పట్టినచో మీటరు సరి; 63 పట్టినచో నిజవేగము సుమారు 57, మీటరు కొంచెము హెచ్చు చూపుచున్నది, అది సహింపదగినదే. ఐక్యరాజ్యసమితివారి 39వ వాహన నిబంధన ప్రకారము మీటరు నిజవేగముకంటె తక్కువ మాత్రము ఎన్నడును చూపరాదు. 57 సెకండ్లలోనే రెండవ రాయి వచ్చినచో బండి నిజముగా 63 కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. నాలుగైదు మారులు చూచినను అట్లే వచ్చినయెడల ఆ పలకను విప్పి అంగడివానికి తిరిగి యిచ్చి, పాతదానినే బిగించుకొనవలెను.