అడగడానికి మొహమాటమెందుకు?

అమెరికాలో ఉద్యోగం పోయిన మనవాళ్ళు ముందుగా దాచిపెట్టేది ఇంటి వాయిదా కట్టలేకపోతున్నామన్న సంగతిని. గృహప్రవేశం ఫొటోలు ఊరందరికీ పంపినవాళ్ళకి, ఇప్పుడు ఫోర్‌క్లోజర్, అంటే బాకీ కింద ఇల్లు పోవడం, అన్న మాట ఎత్తడానికి నోరు రాదు. ఇండియాలో అమ్మానాన్నలకు చెప్పరు, పక్కవీధి స్నేహితులకు చెప్పరు, చివరికి వాయిదాలు వసూలు చేసే లోన్ సర్వీసర్‌కీ చెప్పరు. మొదటి ఇద్దరికీ చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మూడోవారికి చెప్పకపోతే మాత్రం ఇల్లే పోతుంది.

ఎందుకంటే అక్కడి చట్టం అడిగినవారికే అండగా నిలుస్తుంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఒక పక్క "మీ దరఖాస్తు చూస్తున్నాం" అంటూనే మరో పక్క ఇళ్ళు వేలం వేసిన సంస్థలున్నాయి. ఆ అన్యాయాన్ని ఆపడానికే కాలిఫోర్నియాలో 2013 జనవరి 1 నుంచి ఇంటి యజమానుల హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో దేశమంతటికీ ఫెడరల్ నిబంధనలు వచ్చాయి. చిన్న సంస్థలకు కొన్ని మినహాయింపులున్నా, మీరు నివసిస్తున్న ఇంటి మీద బాకీ 120 రోజులు దాటితే గానీ సాధారణంగా ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. ఆ నాలుగు నెలలు బంగారం లాంటివి. దిగులుతో గడిపేయకండి.

ఇంతకన్నా ముఖ్యమైన లెక్క ఒకటుంది. వేలానికి 37 రోజుల కంటే ముందే లోన్ షరతులు సడలించమని కోరే మీ లోన్ మోడిఫికేషన్ దరఖాస్తు అన్ని కాగితాలతో సర్వీసర్‌కు అందితే, దాని సంగతి తేలేదాకా వేలం వేయకూడదు. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఇప్పుడు మనవాళ్ళు ఎక్కువగా ఉన్న టెక్సాస్ సంగతి చూడండి. అక్కడ చాలా ఇళ్ళు కోర్టు గడప తొక్కకుండానే, సాధారణంగా నెలలో మొదటి మంగళవారం వేలానికి వస్తాయి. వేలం నోటీసు 21 రోజుల ముందు ఇస్తే చాలు. అంటే వేలం నోటీసు వచ్చాక చూద్దాంలే అనుకున్నవారికి 37 రోజుల రక్షణ అప్పటికే చేజారిపోయి ఉండొచ్చు! "చూద్దాంలే" అనే అలవాటును ఇక్కడ వదిలించుకోవాల్సిందే.

దరఖాస్తులో హార్డ్‌షిప్ లెటర్ అడుగుతారు. అందులో కష్టాలన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. ఫలానా తేదీన ఉద్యోగం పోయింది, ఇప్పుడు ఇంట్లోకి ఇంత వస్తోంది, నెలకు ఇంత కట్టగలం. ఒక్క పేజీ చాలు. పే స్టబ్‌లు, ట్యాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లలో ప్రతి పేజీ జతచేయండి. ప్రతి కాగితం మీదా లోన్ నంబరు రాయండి. అందినట్టు రసీదు దాచుకోండి. ఫోన్ చేసినప్పుడల్లా తేదీ, మాట్లాడినవారి పేరు ఓ పుస్తకంలో రాసుకోండి. వేలానికి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు అందితే, ఏ కాగితం తగ్గిందో 5 పనిదినాల్లో తెలియజేయాల్సిన బాధ్యత వాళ్ళదే. ఆ ఉత్తరం రాగానే విప్పి చదవండి.

మోడిఫికేషన్ ఇచ్చి తీరాలని ఈ నిబంధనలు చెప్పవు, సరిగ్గా పరిశీలించి తీరాలని చెబుతాయి. కాబట్టి "కాదు" అన్నా కుంగిపోవద్దు. వేలానికి 90 రోజుల ముందే పూర్తి దరఖాస్తు అంది ఉంటే, అప్పీలు చేసుకోవడానికి 14 రోజులుంటాయి. మొదట తిరస్కరించినవారు కాకుండా వేరేవారు దాన్ని చూడాలి.

ముందు డబ్బు కట్టండి, ఇల్లు మేం కాపాడతాం అనే కంపెనీలను దగ్గరకు రానివ్వకండి. లాయర్లకు వేరే నిబంధనలున్నాయి గానీ, మిగతావాళ్ళు మీకు ఆఫర్ ఇప్పించి, దాన్ని మీరు ఒప్పుకునేదాకా పైసా వసూలు చేయకూడదు. కష్టంలో ఉన్నవారి భయాన్ని సొమ్ము చేసుకోవడం కన్నా నీచం మరొకటి లేదు. ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ, అంటే హెచ్‌యూడీ, గుర్తింపున్న కౌన్సెలర్లు ఫోర్‌క్లోజర్ విషయంలో ఉచితంగానే సాయం చేస్తారు. వాయిదా తప్పేలా ఉందని తెలిసిన రోజునే వారికి ఫోన్ చేయండి.