భూగర్భజలం: నేల హక్కు నుంచి అనుమతి వరకు

హయత్‌నగర్ మెట్ట వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ఎర్రనేలల అడుగున ఉన్నది గ్రానైటు శిల. నీరు దాని పగుళ్లలో నిలుస్తుంది. పగులు పొలం గట్టు వద్ద ఆగదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మాత్రం, నిర్దిష్ట ప్రవాహమార్గం లేని భూగర్భజలాన్ని నేల యజమాని హక్కుగానే పరిగణించింది.

రాజ్యాంగం నీటిని రాష్ట్ర జాబితాలో 17వ అంశంగా ఉంచింది. ఆ అధికారంతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో నీరు, భూమి, వృక్షాల చట్టం (వాల్టా) చేసింది. తెలంగాణలోనూ అది కొనసాగుతోంది. బావులను నమోదు చేయాలి, కొత్త బోరుకు అనుమతి పొందాలి; ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు ఆంక్ష మరింత కఠినం. కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ 1997లో ఏర్పడినది జలచట్టం కింద కాదు, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద. ఈ తేడా విద్యార్థులు గమనించదగినది.

అనుమతి పత్రం ప్రధానంగా తవ్వకాన్ని చూస్తుంది. ఆ బోరు కింద యాసంగిలో వరి వేయాలా, ఆరుతడి పంటా అన్నది విస్తరణ శాస్త్రవేత్త రైతుతో తేల్చవలసిన విషయం.